అరబారి తెలుసు, మరిచ్‌ఝాంపి తెలియదు: మన అటవీ పాఠాల కులం

మన దేశంలో ఫారెస్ట్రీ చదివిన ఎవరినైనా అడగండి, అరబారి కథ గడగడా ఒప్పజెప్తారు. పశ్చిమ బెంగాల్‌లోని మిడ్నపూర్ జిల్లాలో 1972 ప్రాంతంలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 11 ఊళ్ల జనంతో మాట్లాడి, మోడువారిన 1,272 హెక్టార్ల సాల్ అడవిని (మన గుగ్గిలమే) మళ్లీ నిలబెట్టారు. 618 కుటుంబాలకు పని ఇచ్చారు, కలప రాబడిలో 25 శాతం వాటా ఇస్తామన్నారు. 1989లో బెంగాల్ ప్రభుత్వం, 1990 జూన్ 1న కేంద్రం ఉత్తర్వులిచ్చాక అదే ‘ఉమ్మడి అటవీ యాజమాన్యం’గా దేశమంతా పాకింది. యూజీలో అరబారి, పీజీలో అరబారి, నెట్ పరీక్షలో అరబారి.

అదే మనిషిని మరిచ్‌ఝాంపి గురించి అడగండి. నూటికి తొంభై మంది ముఖం చూసి ఊరుకుంటారు. చదివిన పదిమందీ అమితావ్ ఘోష్ నవలలోనో, మనోరంజన్ బ్యాపారి ఆత్మకథలోనో చదివినవాళ్లే. తరగతి గదిలో విన్నవాళ్లు నాకు తగల్లేదు.

రెండూ బెంగాల్‌వే. రెండూ 1970ల నాటివే. అడవి ఎవరిది, అందులో ఎవరుండాలి అన్న ఒకే ప్రశ్నకు రాజ్యం ఇచ్చిన రెండు జవాబులు. ఒకటి పాఠమైంది, ఇంకోటి పుకారుగా మిగిలింది. ఈ తేడాను పొరపాటు అనుకోవడానికి నేను సిద్ధంగా లేను.

నేను ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ పాఠం చెప్పి, దాని మీదే పరిశోధన చేసి బతుకుతున్నదాన్ని. పుట్టి పెరిగింది బడ్జ్ బడ్జ్‌లో, హుగ్లీ ఒడ్డున. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి జూట్ మిల్లు పనికి వచ్చాడు. మిల్లు లైన్లలో తెలుగు మాట్లాడేవాళ్లం, వీధిలో బెంగాలీ, హిందీ. ఆ ఊరి పేరు చెప్తే చదువుకున్నవాళ్లకు 1914 సెప్టెంబర్ 29న కొమగాట మారు ఓడ దిగిన పంజాబీల మీద బ్రిటిష్‌వాళ్లు కాల్పులు జరపడం గుర్తొస్తుంది. ఇప్పుడు స్టేషన్‌కు ఆ ఓడ పేరు కూడా పెట్టారు. మంచిదే. అయితే బడ్జ్ బడ్జ్ దక్షిణ 24 పరగణాల జిల్లాలో ఉంది. సుందర్‌బన్స్‌లో పెద్ద భాగం కూడా అదే జిల్లా. 1979లో అదే జిల్లాలోని మరిచ్‌ఝాంపి దీవిలో స్వతంత్ర దేశపు పోలీసులు జరిపిన కాల్పులకు ఏ స్టేషన్ పేరూ లేదు, ఏ సిలబస్ యూనిట్టూ లేదు.

తెలియనివాళ్ల కోసం ఆ కథ కొంచెం వివరంగా చెప్తాను. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి ముందు వచ్చిన భద్రలోక కాందిశీకులకు కలకత్తా చుట్టుపక్కల కాలనీలు దొరికాయి. తర్వాత వచ్చిన నామశూద్రులను, అంటే అంటరాని కులాల వాళ్లను, రైళ్లెక్కించి దండకారణ్యానికి పంపారు. మల్కన్‌గిరి, బస్తర్ అడవుల్లో, ఆదివాసుల నేల మీద, వాళ్లకు అలవాటు లేని రాళ్ల భూముల్లో పడేశారు. 1977లో వామపక్ష ప్రభుత్వం వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కాందిశీకులను బెంగాల్‌లోనే పెట్టాలని అడిగిన పార్టీలే అవి. ఆ మాట నమ్మి 1978లో వేలాది కుటుంబాలు తిరిగొచ్చాయి. చాలామందిని దారిలోనే ఆపి వెనక్కి పంపారు. మిగిలినవాళ్లు మరిచ్‌ఝాంపి చేరి, సర్కారు పైసా అడగకుండా బడి కట్టుకున్నారు, వైద్యశాల పెట్టుకున్నారు, చేపల చెరువులు తవ్వారు, పడవలు చేశారు.

1979 జనవరి చివర్లో 144వ సెక్షన్ పెట్టి లాంచీలతో దీవిని చుట్టుముట్టారు. తాగునీరు, తిండి పోనివ్వలేదు. పోనివ్వండని కలకత్తా హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. జనవరి 31న కాల్పులు. మే నెలలో గుడిసెలు తగలబెట్టి అందరినీ ఖాళీ చేయించారు. ఎంతమంది చనిపోయారన్నది నేటికీ తేలలేదు. సర్కారు లెక్క వేళ్ల మీద లెక్కపెట్టేంత, బతికి బయటపడినవాళ్ల లెక్క వందలు, వేలు. ఒక్క విచారణ కమిషన్ వేసి ఉంటే ఆ తేడా తేలేది.

ఇక్కడ ఫారెస్ట్రీ వాళ్లు వినాల్సిన మాట ఒకటుంది. ఖాళీ చేయించడానికి సర్కారు చెప్పిన కారణం అడవి. ఇది రిజర్వ్ ఫారెస్ట్, పులుల ప్రాజెక్టుకు, పర్యావరణానికి ముప్పు అని. కానీ ఆ దీవిలో మడ అడవిని 1975లోనే నరికి, ఆదాయం కోసం కొబ్బరి, టామరిస్క్ చెట్ల ప్లాంటేషన్ వేసింది ప్రభుత్వమే. అన్నూ జలాయిస్ 2005లో ఈపీడబ్ల్యూ వ్యాసంలో ఇదంతా రాశారు. రాస్ మల్లిక్ అంతకుముందే 1999లో రాశారు. మూలాలు దొరకవని ఎవరూ అనలేరు. సర్కారు నరికితే దాని పేరు మేనేజ్‌మెంట్, నామశూద్రుడు గుడిసె వేస్తే విధ్వంసం. ఈ ఒక్క ఉదాహరణతో వర్కింగ్ ప్లాన్ అంటే ఏమిటో ఒక సెమిస్టర్ పాఠం చెప్పొచ్చు.

చెప్పరు. ఎందుకంటే ఈ శాస్త్రానికి జనం రెండు రూపాల్లోనే తెలుసు. 1990 దాకా ‘బయోటిక్ ప్రెషర్’. అవును, మనుషులను, మేకలను కలిపి అలాగే రాసేవాళ్లు. 1990 తర్వాత ‘కమ్యూనిటీ’. మొదటి మాటలో జనం చీడ, రెండో మాటలో జనం దేవతలు. రెండింటిలోనూ కులం లేదు.

ఆ కమ్యూనిటీ ఎవరు? రాజ్యాంగ సభలో 1948 నవంబర్ 4న అంబేడ్కర్ గ్రామాన్ని పొగిడేవాళ్లందరినీ నిలదీసి, ఆ గ్రామం సంకుచితత్వానికీ మతతత్వానికీ గూడు అని చెప్పారు. నలభై ఏళ్ల తర్వాత మన అటవీ పండితులు అదే గ్రామాన్ని తీసుకొచ్చి ‘సహజ సంరక్షకుడు’ అని కుర్చీ వేశారు. వన సంరక్షణ కమిటీ మీటింగు ఎవరి అరుగు మీద జరుగుతుంది? మాలపల్లె, మాదిగపల్లె వాళ్లు ఆ అరుగు ఎక్కుతారా, కింద నిలబడతారా? అడవిని మూసేస్తే కట్టెల మోపు అమ్ముకుని ఆ పూట గంజి కాచుకునే ఇల్లు ఏది, గ్యాస్ బండ ఉన్న ఇల్లు ఏది? మూసివేత నిర్ణయం తీసుకునేది రెండో ఇల్లు, ఆకలి భరించేది మొదటి ఇల్లు. దీన్ని ‘పార్టిసిపేషన్’ అని జర్నల్లో రాస్తారు.

ఇంకా లోతుకు పోతే 1983లో మాధవ్ గాడ్గిల్, కె.సి. మల్హోత్రా రాసిన ప్రసిద్ధ పత్రం కనిపిస్తుంది. కులవ్యవస్థకు పర్యావరణపరంగా ఒక అనుకూలత ఉందని దాని వాదన. ఒక్కో కులం ఒక్కో వనరు మీద బతకడం వల్ల పోటీ తగ్గి, ప్రకృతి మిగిలిందట. గాడ్గిల్ పశ్చిమ కనుమల కోసం చేసిన పని మీద నాకు గౌరవం ఉంది, ఆ గౌరవంతోనే చెప్తున్నాను. చచ్చిన గొడ్డు తోలు ఒలిచే పని ఒక కులానికి ‘కేటాయించడం’ ఎకాలజీ కాదు. శ్రమ విభజన పేరుతో కులాన్ని సమర్థించేవాళ్లకు అంబేడ్కర్ 1936లోనే జవాబిచ్చారు: ఇక్కడ విడదీసింది మనుషులను, అదీ ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చి. తోడేలుకూ జింకకూ చెప్పే ‘నిష్’ సిద్ధాంతాన్ని మనుషులకు అంటించి, ఆ మెట్లలో అడుగున ఉన్నవాడిని అడగకుండానే అది బాగుందని తేల్చడం ఏ శాస్త్రం? ముకుల్ శర్మ 2017లో ‘కాస్ట్ అండ్ నేచర్’ పుస్తకం రాసేదాకా ఈ ప్రశ్నకు ఒక పూర్తి పుస్తకం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ పుస్తకం కూడా ఎన్ని ఫారెస్ట్రీ లైబ్రరీల్లో ఉందో వెళ్లి చూడండి.

అరబారి ఉన్న మిడ్నపూర్ జిల్లాకే తిరిగి వద్దాం. అక్కడి లోధా శబరులు అడవి జనం. బ్రిటిష్‌వాళ్లు నేరస్తుల తెగ అని ముద్ర వేశారు. ఆ తెగ నుంచి డిగ్రీ పూర్తి చేసిన తొలి మహిళ చునీ కోటాల్. విద్యాసాగర్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ఎమ్మెస్సీలో చేరింది. కులం పేరుతో పడిన వేధింపుల తర్వాత 1992 ఆగస్టు 16న ప్రాణం తీసుకుంది. రోహిత్ వేములకు ఇరవై మూడేళ్లకు పైగా ముందు. అప్పటికి మిడ్నపూర్ అటవీ కమిటీలు దేశమంతటికీ ఆదర్శం. అడవి గురించి తరతరాలుగా తెలిసిన తెగ బిడ్డ యూనివర్సిటీ గడప దాటి బతకలేకపోయిన సంవత్సరంలోనే, ఆ అడవి మీద థీసిస్‌లు వరస కట్టాయి. ఫీల్డ్‌వర్క్‌లో చెట్టు పేరు, ఎప్పుడు పూస్తుందో, ఏ జబ్బుకు పనికొస్తుందో చెప్పేది లోధా ముసలమ్మ, కొండరెడ్డి ముసలాయన. థీసిస్‌లో లాటిన్ పేరు పక్కన ఉండేది మాత్రం పరిశోధకుడి పేరు. చెప్పినవాళ్లు ‘లోకల్ ఇన్‌ఫార్మెంట్’, అదీ కృతజ్ఞతల పేజీ చివర.

మన తెలుగు నేలకు వస్తే, 1992 నుంచి వన సంరక్షణ సమితులు, తర్వాత 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కమ్యూనిటీ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్. పోడు భూములు కలిపేసి నీలగిరి, టేకు నాటినచోట్ల ‘అడవి పెరిగింది’ అని రిపోర్టు. ఎవరి జొన్న చేను తరిగిందో రాసే గడి ఆ ఫారంలో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ దొంగలెక్కను కొంత సరిదిద్దింది. ఆదివాసులు ఎంతో పోరాడి తెచ్చుకున్న చట్టం అది. కానీ అందులో ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అనే క్లాజు ఉంది. ఆదివాసేతరులు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టు చూపాలి. లెక్క కట్టండి, 1930 డిసెంబర్ 13 వస్తుంది.

1930! ఆ ఏడాది మార్చిలో నాసిక్‌లో కాలారామ్ గుడి తలుపు తెరవమని అంటరానివాళ్లు సత్యాగ్రహం చేస్తున్నారు. ఆ డిసెంబర్‌లో అంబేడ్కర్ లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశంలో కూర్చుని మా వాళ్లకూ రాజకీయ రక్షణలు కావాలని అడుగుతున్నారు. బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేని మనిషి, అడవి అంచున బతికానని అప్పటి కాగితం ఎక్కడ నుంచి తెస్తాడు? పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉంది. రేంజ్ ఆఫీసులో అది చెల్లదు. 2023 జూన్‌లో తెలంగాణ సుమారు లక్షన్నర మంది ఆదివాసులకు నాలుగు లక్షల ఎకరాల చిల్లర పోడు పట్టాలిచ్చింది, అది వాళ్లకు రావాల్సిందే. పక్కనే పోడు చేసుకునే దళిత, బీసీ కుటుంబాలు ఆ డెబ్బై ఐదేళ్ల దగ్గరే ఆగిపోయాయి. ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో ఆదివాసేతరులకు భూమి అనగానే 1970 నాటి 1/70 చట్టం గుర్తొస్తుంది, రావాలి కూడా. షావుకారూ వెట్టి మాదిగా ఇద్దరూ ‘నాన్ ట్రైబల్’ అనే ఒకే డబ్బాలో పడటమే నా అభ్యంతరం. ఈ రెండు సమూహాలకు తగాదా పెట్టే డబ్బా అది. దాన్ని విప్పి చూసే పరిశోధన ఫారెస్ట్ మేనేజ్‌మెంట్‌లో కాక ఇంకెక్కడ జరగాలి?

జరిగేది ఇది: ఎర్రచందనం చేవ ఎలా కడుతుంది, విత్తనం మొలక శాతం ఎంత. అవసరమే. కానీ 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళనాడు కూలీలను కాల్చి చంపారు. జవ్వాది కొండల లాంటి చోట్ల నుంచి, వెనుకబడిన, ఆదివాసీ కుటుంబాల నుంచి కూలికి వచ్చినవాళ్లు. దుంగ కొన్నవాడు ఎవరు, రేవు దాటించినవాడు ఎవరు, నరికినవాడికి దక్కింది ఎంత? ఈ ‘వాల్యూ చైన్’ గీసిన ఫారెస్ట్రీ పీహెచ్‌డీ నాకు కనిపించలేదు. తునికాకు వాల్యూ చైన్ మీద మాత్రం బోలెడు.

‘మేం చెట్ల వాళ్లం, కులం సోషియాలజీ వాళ్లది’ అని నా సాటి టీచర్లు మర్యాదగా అంటారు. చరిత్ర వేరే చెప్తుంది. 1864లో జర్మన్ బ్రాండిస్ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాక ఈ శాఖలో జరిగిన మొదటి పెద్ద వాదం చెట్ల గురించి కాదు. జనానికి అడవి మీద ఉన్నది హక్కా, సర్కారు దయా అన్నది. 1878 చట్టంలో దయ గెలిచింది. డెహ్రాడూన్ ఫారెస్ట్ స్కూల్ పుట్టిందీ అదే ఏడాది. చదువూ, చట్టమూ కవలలు. ఆ బళ్లో తయారైన శాస్త్రానికి సమాజం సంగతి తెలియదంటే ఎలా నమ్మాలి?

పాఠం మారాలంటే చెప్పేవాళ్లు మారాలి. ఫారెస్ట్రీ విభాగాలు చాలావరకు చిన్నవి, నాలుగైదు పోస్టులు. 2017లో అలహాబాద్ హైకోర్టు యూనివర్సిటీని కాకుండా విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమంది. 2018 మార్చి 5న యూజీసీ దాన్నే అమలు చేయమంది. ఆ 13 పాయింట్ల రోస్టర్‌లో ఓబీసీకి నాలుగో పోస్టు, ఎస్సీకి ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగోది. ఐదు పోస్టుల విభాగంలో ఏడోది ఎప్పుడొస్తుంది? మన విద్యార్థులు, అధ్యాపకులు రోడ్డెక్కితే 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది, రెండు రోజులకు ఆర్డినెన్స్, ఆ తర్వాత చట్టం. అప్పటి నుంచి అడ్డం రోస్టర్ కాదు, ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అనే మాట. ఇంటర్వ్యూ బోర్డు ‘తగిన’ అన్నప్పుడు ఏ కొలబద్ద వాడుతుందో, ఏ మార్కులకు ఆపుతుందో పోస్టువారీగా బయటపెట్టమని అడగాలి. ఆర్టీఐ రెండు పేజీలు, పది రూపాయలు.

విద్యార్థులకు ఇంకో పని. మీ ఫారెస్ట్ పాలసీ పేపర్‌లో అరబారి ప్రశ్న వచ్చినప్పుడు జవాబు రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. సెమినార్ టాపిక్ ఎంచుకోమన్నప్పుడు మరిచ్‌ఝాంపి అని రాసివ్వండి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సిలబస్ సవరణ ప్రతిపాదనకు ఆ కాగితాలే జతచేయాలి.