మా నాయన మైక్ సెట్‌లో జమైకా

మా నాయనకు పాకాలలో మైక్ సెట్ ఉంది. పేరుకే ఉంది. ఇప్పుడు పెళ్లిళ్లకు తిరుపతి నుంచి డీజే బండ్లు వచ్చేస్తున్నాయి, మా హారన్లు, బాక్సులు షెడ్డులో దుమ్ము తింటున్నాయి. పోయిన నెల అన్నీ పాత సామాన్లకు వేసేస్తానన్నాడు. "ఒక్క పూట ఆగు నాయనా" అని ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి తగిలించి ఒక ఆల్బమ్ పెట్టాను. అగస్టస్ పాబ్లో 1976లో చేసిన 'కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్'.

ఎందుకు అదే పెట్టానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చాలామందికి లాగే నాకూ మొదట రెగే అంటే టీషర్ట్ మీద బాబ్ మార్లే బొమ్మ, అంతే. తర్వాత 'లెజెండ్' విన్నాను. 1984లో, ఆయన పోయిన మూడేళ్లకు వచ్చిన హిట్ పాటల మూట అది. బాగుంటుంది, కాదనను. కానీ అందులో హాయిగా ఊగే పాటలే ఎక్కువ. అది ఒక్కటే విని ఆగిపోతే, పెళ్లి భోజనంలో పాయసం ఒక్కటే తిని లేచొచ్చినట్టే. 1973 నాటి 'క్యాచ్ ఎ ఫైర్' వినండి. బానిసల కొరడా చప్పుడు మర్చిపోని మనిషి గొంతు వినిపిస్తుంది. ఆ ఆల్బమ్‌కి లండన్‌లో రాక్ గిటార్లు అద్దారు, బయటి దేశాల వాళ్లకు నచ్చాలని. అద్దక ముందు జమైకాలో చేసినది 2001లో బయటికొచ్చింది. నా ఓటు దానికే. సోకులు లేకపోయినా బేస్ గుండెల్లో దిగుతుంది.

స్కా దీనికి పెద్దన్న. 1962లో జమైకాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఊపులో ఉన్న సంగీతం. మనం చప్పట్లు కొట్టే చోట కాకుండా, రెండు చప్పట్ల సందులో గిటార్ టక్కుమంటుంది. ధర్మవరం బండి మా జంక్షన్ దాటి స్పీడందుకున్నట్టు ఉంటుంది. స్కెటలైట్స్ వాయించినవి వినండి, కాలు ఊరుకోదు. 1960ల చివరికి ఆ వేగమే తగ్గి, బేస్ బరువెక్కి రెగే అయింది. పదేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో, కార్ల ఫ్యాక్టరీల ఊరు కోవెంట్రీలో, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి 'ద స్పెషల్స్' అనే బ్యాండ్ పెట్టి స్కాని మళ్లీ లేపారు. 1979లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ నా లెక్కలో నూటికి తొంభై. పది ఎందుకు తగ్గించానంటే, అసలు జమైకా స్కాలో ఉన్న తీరుబడి ఇందులో లేదు, అంతా కోపమే.

ఇదంతా మనకు దూరమనుకోకండి. 1996లో రెహమాన్ 'లవ్ బర్డ్స్' సినిమాలో బర్మింగ్‌హామ్ పంజాబీ అబ్బాయి అపాచీ ఇండియన్‌తో పాడించిన పాట గుర్తుందా? అది ఈ చెట్టు కొమ్మే.

అసలు నన్ను పట్టేసిన విషయం వేరే. ఈ సంగీతానికి పురుడు పోసింది మైక్ సెట్ వాళ్లు! 1950లలో కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద బాక్సులు పెట్టి అమెరికా రికార్డులు వేసేవాళ్లు. వాటినే సౌండ్ సిస్టమ్స్ అంటారు. ఆ రికము రికార్డులు రావడం తగ్గేసరికి, డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ లాంటి ఓనర్లు ఊళ్లో వాయించేవాళ్లనే పిలిచి సొంతంగా రికార్డులు చేయించారు. స్కా అలా పుట్టింది.

కింగ్ టబ్బీ అయితే రేడియోలు రిపేరు చేసేవాడు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు, ఆంప్లిఫయర్లు సొంతంగా తయారుచేసేవాడు. పాడిన పాటలోంచి గొంతు తీసేసి, గిటార్ ఒకసారి వదిలి, ఒకసారి మింగేసి, మిగిలిన దానికి ఎకో పెట్టేవాడు. దాన్నే డబ్ అంటారు. ఒక రిపేరు మెకానిక్ మిక్సర్ ముందు కూర్చుని కొత్త సంగీతమే పుట్టించాడు. ఫోన్ స్పీకర్లో దీన్ని వింటే సగం వినట్టే, బేస్ అందులో పలకదు.

షెడ్డులో ఆ రోజు బాక్సు గురగురమంది. మా నాయన మొహం చిట్లించాడు.

"ఏందిమే ఇది? పాట యాడబోయె?"

"ఉండు, విను."

రెండో పాటకు వచ్చి బాక్సు మీద అరచెయ్యి పెట్టాడు. కోను అదురుతోంది. కాసేపటికి, "గొంతు తీసేసినా పాట కింద పళ్లేదే. వీడెవడో మైక్ సెట్ వాడేమే" అన్నాడు.

నేనింకా టబ్బీ పేరే చెప్పలేదు.

తర్వాత అంతా చెప్పాను. 1989లో ఇంటి ముందే ఎవరో ఆయన్ని కాల్చి చంపారని కూడా. ముప్పై ఏళ్లుగా సాల్డరింగ్‌తో వేళ్లు కాల్చుకున్న మనిషి ఏమీ మాట్లాడలేదు. తన పనికి ఊళ్లో ఎవరూ ఎప్పుడూ కళ అని పేరు పెట్టలేదు మరి. నేనూ పెట్టలేదు.

హారన్లు పాత సామాన్లకు పోయాయి. బాక్సులు రెండూ ఉన్నాయి, ఆదివారం సాయంత్రాలు మోగుతున్నాయి. మీ ఊళ్లోనూ ఒక మైక్ సెట్ ఆయన ఉండే ఉంటాడు. ఈ ఆల్బమ్ ఫోన్‌లో వేసుకుని ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లండి. బేస్ ఎంత పెట్టాలో ఆయనకే తెలుసు.