విజ్ఞాన వీథి: కరిగే వేడిమి, మట్టిలో కలిసే కాలం

లిలువా అనగానే 1900లో అక్కడ నెలకొన్న రైల్వే క్యారేజీ, వ్యాగన్ కార్ఖానా స్ఫురణకు వస్తుంది. ఎర్రగా కాగిన ఉక్కును ఒక్కసారిగా నీటిలో ముంచితే ఒక గుణం, నెమ్మదిగా ఆరనిస్తే మరొక గుణం అబ్బుతుందన్నది కొలిమి పని ఎరిగినవారికి క్రొత్త విషయం కాదు. ఈ మాసం మేము ప్రస్తావించదలచిన ప్లాస్టిక్కులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని ముద్రించిన వస్తువు ఎక్కడ, ఎంతకాలానికి కలుస్తుందన్నది దాని పదార్థంపైనే కాక, అది చల్లారిన తీరుపైన కూడా ఆధారపడి ఉన్నది.

లిలువా వాసులకు ఇది దూరపు ముచ్చట కాదు. హౌరా నగరపు చెత్త చేరే బెల్గాఛియా గుట్ట వద్ద 2025 మార్చిలో నేల కుంగింది. నీటి గొట్టాలు పగిలాయి, ఇళ్లు బీటలు వారాయి. మనం పారవేసినది ఎక్కడికీ పోదని ఆ ఘటన గుర్తు చేసింది.

పాలిమర్ అంటే చిన్న అణువులు వేల సంఖ్యలో లంకెలుగా కూడిన పొడవైన గొలుసు. పాలియెస్టర్లలో ఈ లంకెలను కలిపేది ఎస్టర్ బంధం. కొన్ని పాలియెస్టర్లలో ఈ బంధాన్ని నీరు, సూక్ష్మజీవుల ఎంజైములు త్రెంచగలవు. మొక్కజొన్న, చెరకు చక్కెరలను పులియబెట్టి తయారుచేసే పాలిలాక్టిక్ ఆమ్లం, మెత్తని పాలికాప్రోలాక్టోన్ ఈ కోవకు చెందినవి.

కరిగిన స్థితిలో ఈ గొలుసులు చిక్కుపడిన నూలుపోగులవలె ఉంటాయి. చల్లారేటప్పుడు కొన్ని భాగాలు వరుసగా మడతలు పడి స్ఫటికాలవుతాయి. తక్కినవి చిక్కులుగానే మిగిలిపోతాయి. నీరు ముందుగా చొరబడేది ఈ చిక్కు భాగాలలోకే. స్ఫటికాలు చాలాకాలం ఎదురునిలుస్తాయి. పాలిలాక్టిక్ ఆమ్లం స్ఫటికీకరణలో మందకొడి. త్వరగా చల్లార్చితే అది గాజువలె పారదర్శకంగా గట్టిపడుతుంది. అటువంటి కప్పులో వేడి టీ పోస్తే, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తబడి వంగిపోతుంది. బాగా స్ఫటికీకరించిన కప్పు ఆ వేడిని తట్టుకొంటుంది.

ఒకటి గట్టిదైనా పెళుసు, మరొకటి మెత్తన. రెండింటినీ ఊరక కలిపితే నూనె, నీరువలె విడివడతాయి. అందుచేత రసాయన శాస్త్రజ్ఞులు ఒకే గొలుసులో కొంత పొడవు మొదటిదాన్ని, కొంత పొడవు రెండవదాన్ని అతికిస్తారు. ఇదే ఖండ సహపాలిమర్, అంటే బ్లాక్ కోపాలిమర్. ఇది చల్లారేటప్పుడు పాలిలాక్టిక్ ఖండం ముందుగా స్ఫటికీకరించి చట్రంవలె నిలుస్తుంది. పాలికాప్రోలాక్టోన్ ఖండం ఆ చట్రపు సందులలో, మిగిలిన ఇరుకు చోటులోనే తరువాత సర్దుకోవలసి వస్తుంది. తిరిగి వేడిచేస్తే మెత్తని ఖండపు స్ఫటికాలు 60 డిగ్రీల లోపునే కరుగుతాయి, గట్టివి 160 డిగ్రీలు దాటేవరకు ఆగుతాయి. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలన్నమాట! ఖండాల పొడవులను, చల్లార్చే వేగాన్ని మార్చి దాని మెత్తదనాన్ని, ఆయుష్షును కూడా దిద్దవచ్చును.

ఈ విద్య ఇప్పటికే శస్త్రచికిత్స గదిలో వాడుకలో ఉన్నది. గ్లైకోలైడ్, కాప్రోలాక్టోన్‌ల ఖండ సహపాలిమర్ అయిన పొలిగ్లెకాప్రోన్ దారంతో కుట్లు వేస్తే, తొలి వారాలలో గాయాన్ని పట్టి ఉంచి, మూడు నాలుగు మాసాలలో శరీరంలోనే లీనమైపోతుంది. కుట్లు విప్పించుకొనే బాధ రోగికి తప్పుతుంది.

వీధిలోని సంచికి మాత్రం అంత నియతమైన పరిసరాలు లభించవు. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదాల కోసం, డి.ఆర్.డి.ఓ. తోడ్పాటుతో రూపొందిన జీవవిఘటనశీల సంచుల విక్రయం ప్రారంభమైన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చును. అటువంటి ప్రయత్నాలు హర్షణీయాలే. అయితే కంపోస్టుగా మారే ప్లాస్టిక్కులను పరీక్షించే ప్రమాణం సుమారు 58 డిగ్రీల వేడిని నిర్దేశిస్తుంది. గాలి, తేమ తగినంతగా ఉన్న పెద్ద ఎరువు కుప్పలోనే అంత వేడి నిలుస్తుంది. పాలిలాక్టిక్ గొలుసులు బిగువు వీడి నీటికి చోటిచ్చేది కూడా ఇంచుమించు ఆ వేడిలోనే. 30 డిగ్రీల నేలలోనో, మురుగు కాలువలోనో పడితే అదే వస్తువు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోగలదు. వర్షాకాలంలో కాలువకు అడ్డుపడే సంచి ఏ పాలిమర్‌తో తయారైనదని నీరు విచారించదు!

కాబట్టి మా సూచనలు మూడు. సంచిపై ‘కంపోస్టబుల్’ అన్న మాట ఉంటే, ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. వీటిని మామూలు ప్లాస్టిక్ సీసాలతో కలిపి పాతసామాను వానికి ఇవ్వరాదు. కరిగే వేడి వేరైనందున మొత్తం సరుకు చెడుతుంది. తడి చెత్తతో కంపోస్టు చేసే ఏర్పాటు ఉన్న చోటికే వీటిని చేర్చవలెను.

ఆ ఏర్పాటు లేనిచోట ఏమిటి దారి? హుగ్లీ తీరపు మిల్లులలో తరతరాలుగా నేస్తున్న జనపనార ఉండనే ఉన్నది. బజారుకు బయలుదేరేటప్పుడు ఒక జనపనార సంచి చేతపట్టుకోవడం ఏ ఇంటికీ భారం కాబోదు.