రాయితీ సరే, రాపిడి మాటేమిటి?

చలికాలం వచ్చిందంటే బెంగళూరు, కోలారు, చింతామణి ఇళ్లల్లో తెల్లారకముందే గీజరు ఎర్రదీపం వెలుగుతుంది. 2 కిలోవాట్ల గీజరు రోజుకు గంట పనిచేస్తే 2 యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. 2023లో వచ్చిన గృహజ్యోతి పథకంలో వాడకం 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాలన్న నిబంధన ఉంది. అంటే ఆ 60 యూనిట్లే కొంపముంచవచ్చు.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు. మేడ మీద సోలార్ హీటరే. నిర్ణీత విస్తీర్ణం దాటిన కొత్త ఇళ్లకు కర్ణాటక ప్రభుత్వం 2007లోనే దాన్ని తప్పనిసరి చేసింది. పెట్టుకున్నవారికి కరెంటు బిల్లులో యూనిట్‌కు 50 పైసలు, నెలకు 50 రూపాయలు మించకుండా రాయితీ కూడా ప్రకటించారు. మరి పాత ఇళ్లవాళ్లు ఎందుకు ముందుకు రావడం లేదు? డబ్బొక్కటే కారణమనుకుంటే పొరపాటే.

అసలు బాధ వేరే ఉంది. చల్లనీళ్ల ట్యాంకు హీటరు కన్నా ఎత్తులో ఉండాలి. లేదంటే దిమ్మె కట్టించాలి. మేడ మీది నుంచి స్నానాలగదికి వేడినీళ్ల పైపు దించాలంటే గోడ తొలవాలి, టైల్సు పగలగొట్టాలి. ప్లంబరు వచ్చిన రోజు మేస్త్రీ రాడు. మేస్త్రీ వచ్చిన రోజు ఇంటాయనకు సెలవు దొరకదు. బోరునీళ్లయితే లోపల ఉప్పు పేరుకుంటుంది, దాన్ని కడిగేవాళ్ల కోసం మళ్లీ వెతుకులాట. ఇక అద్దె ఇల్లయితే ఖర్చు యజమానిది, లాభం అద్దెకున్నవాళ్లది. ‘ఈ గొడవంతా మనకెందుకులే’ అని గీజరు స్విచ్ వేసేస్తారు.

ఇది మన దగ్గర బద్ధకం కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చలికి ఇల్లు చల్లబడకుండా చేసే పనులు పేద కుటుంబాలకు పూర్తి ఉచితంగా చేసిపెట్టే పథకం ఉంది. ఇళ్లకు వెళ్లి చెప్పారు, ఫోన్లు చేశారు, దరఖాస్తు నింపడానికి సాయం చేశారు. అయినా పని చేయించుకున్నది నూటికి ఆరుగురి లోపేనని 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది. చేతి నుంచి పైసా పోకపోయినా కాగితాలు, తనిఖీలు, పోయే పనిదినాలు కూడా ఖర్చేనని దీని అర్థం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుగా ఉంది వ్యవహారం. రాయితీ ప్రకటించి చేతులు దులుపుకుంటే చాలదు. దిమ్మె నుంచి కుళాయి దాకా పనంతా ఒక్కరే చేసిపెట్టి, ఏటా శుభ్రం చేసే పూచీ కూడా తీసుకునే ఏర్పాటు కావాలి. తారీఖు, మొత్తం ఖర్చు ముందే రాసివ్వాలి. విద్యుత్ సంస్థలు వార్డుకో శిబిరం పెట్టి ఈ పని మొదలుపెట్టాలి. కాలనీ సంఘాలూ పది ఇళ్లను ఒకేసారి కూడగడితే మేస్త్రీ ఆ వీధిలోనే పది రోజులుంటాడు, ఖర్చూ కలిసొస్తుంది.

జనానికి సూర్యుడి మీద అనుమానం లేదు. మేస్త్రీ మళ్లీ వస్తాడా అన్నదే అనుమానం. అది తీరిస్తే నీళ్లు వాటంతటవే కాగుతాయి.