వజీరు చేతి తాళపుచెవి

మదరాసు నగరమున 1906వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీని ఆర్బత్‌నాటు కంపెనీవారు తలుపులు మూసిరి. దక్షిణదేశమందలి ఎన్నియో కుటుంబములవారు తాము కూడబెట్టుకొన్న సొమ్మును దొరల పేరునే జామీనుగా నమ్మి ఆ కొట్టులో దాచుకొనియుండిరి. సర్ జార్జి ఆర్బత్‌నాటునకు 18 మాసముల కఠినశిక్ష పడినదిగాని, పోయిన సొమ్ము శిక్షవలన తిరిగిరాలేదు. ఆ దెబ్బ తిన్న పిమ్మట 1907లో మదరాసున ఇండియన్ బ్యాంకు పుట్టినది. 1923లో బందరున డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రబ్యాంకును నెలకొల్పిరి. మన సొమ్ము మనవారి చేతులలోనే యుండవలెనన్నది ఆనాటి వాంఛ.

ఈ పాత కథ యిప్పుడేల యని పాఠకులడుగవచ్చును. 2025 అక్టోబరు 25వ తేదీని అదే నగరమందలి ఉన్నత న్యాయస్థానము వెలువరించిన యొక యుత్తరువు దీనిని మాకు జ్ఞప్తికి దెచ్చినది. ఈ మారు వ్యాజ్యమునకెక్కినది దొరల కంపెనీ గాదు. మన బొంబాయి యువకులు స్థాపించిన వజీర్‌ఎక్స్ అను క్రిప్టో నాణెముల ఎక్స్‌ఛేంజి. మనవారి చేతులలో నున్నంతమాత్రమున సొమ్ము భద్రమగునా యను ప్రశ్నను ఈ సంస్థ పెరిగిన విధమే మనముందు నిలుపుచున్నది.

ఆ పెరుగుదల సామాన్యమైనది కాదు. 2018 మార్చిలో సంస్థ వ్యాపారమారంభించినది. నెల తిరిగీతిరుగకముందే, ఏప్రిలు 6వ తేదీని, రిజర్వు బ్యాంకువారు ఒక సర్క్యులరు పంపి, యిట్టి వ్యాపారులతో బ్యాంకులేవియు సంబంధము పెట్టుకొనరాదని శాసించిరి. పుట్టిన బిడ్డకు పాలు నిలిపివేసినట్లయినది. అయినను సంస్థవారు కృంగక, కొనువాడు అమ్మువానికి నేరుగా రూకలు చెల్లించునట్లును, అంతవరకు నాణెము తమయొద్ద మధ్యస్థముగా నుండునట్లును ఏర్పాటు చేసి నిలద్రొక్కుకొనిరి. 2020 మార్చి 4వ తేదీని సుప్రీముకోర్టు ఆ సర్క్యులరును కొట్టివేసినది. ఈ వ్యాపారమువలన బ్యాంకులకు నష్టము కలిగినట్లు రిజర్వు బ్యాంకు చూపజాలకపోయెననియు, ఆ నిషేధము మితిమీరినదనియు న్యాయమూర్తుల యభిప్రాయము. అటుపిమ్మట వచ్చిన వెల్లువ చెప్పనలవి గాదు. 2021 ముగియునాటికి తమకు కోటికి మించిన ఖాతాదారులున్నారని సంస్థవారే చాటుకొనిరి. మన తెలుగు పట్టణముల పడుచువారును ఆ కోటిలో లేకపోలేదు.

ఈ సాహసమును మేము తక్కువచేయము. ఇరువదియారు మైళ్లు నడచి పోస్టాఫీసులో సొమ్ము కట్టిన దేశమున, చేతిలోని ఫోనుతో లోకమందలి యే విపణిలోనైనను బేరమాడు నేర్పును మన యువకులు సంపాదించుకొనుట గర్వకారణమే. కాని పెరుగుదలను లెక్కించునప్పుడు మనవారు ఖాతాదారుల సంఖ్యను లెక్కించిరి, బేరముల మొత్తమును లెక్కించిరి. తాళపుచెవి యెవరియొద్ద నున్నదని మాత్రము అడుగరైరి.

ఈ తాళపుచెవి మాట కొంచెము విప్పి చెప్పవలసియున్నది. బిట్‌కాయిను మొదలగు నాణెములు పెట్టెలో నుండునవి కావు. అవి లోకమంతట వ్యాపించిన యొక పెద్ద చిట్టాపుస్తకములోని పద్దులు. ఏ పద్దును కదలించుటకైనను ఒక రహస్యసంఖ్య కావలెను. అదియే తాళపుచెవి. దానిని తనయొద్దనే యుంచుకొన్నవాడు సొమ్మునకు యజమాని. పోగొట్టుకొన్నచో ఏ కచ్చేరియు దానిని తిరిగి తెచ్చియీయజాలదు. అందుచేత సామాన్యుడు భయపడి, చెవిని ఎక్స్‌ఛేంజివారికే అప్పగించి, వారు తన ఫోనుపై చూపు అంకెను చూచి తృప్తిపడుచున్నాడు. వారు దానిని వాలెట్టనియే పిలుచుచున్నారు. సంచి మనదే, మూతిత్రాడు వారిది.

2024 జూలై 18వ తేదీని ఆ త్రాడు తెగినది. ఒక్క సంచినుండి సుమారు 23 కోట్ల డాలర్లు, అనగా రమారమి 1,900 కోట్ల రూపాయల విలువగల నాణెములు దొంగలపాలయ్యెను. ఖాతాదారుల మొత్తము సొమ్ములో నిది యించుమించు 45 శాతము. ఆ సంచికి ఆరు చేవ్రాళ్ల కట్టుబాటుండెనట. అయిదు సంస్థవారివి, ఆరవది కాపుదలకు కుదుర్చుకొన్న మరియొక కంపెనీది. తెరపై నొకటి కనబడగా, సంతకము పడినది మరియొకదానిమీదనని సంస్థవారి వాదము. మాయొద్ద లోపము లేదని కాపుదారుల ప్రతివాదము. దొంగతనము ఉత్తర కొరియావారి పనియని 2025 జనవరిలో అమెరికా, జపాను, దక్షిణ కొరియా ప్రభుత్వములు ఉమ్మడిగా ప్రకటించినవి.

దొంగలు ప్రతి దేశమునను గలరు. మాకు వింతగొల్పినది తరువాతి కథ. సొమ్ము పోయినవారు భారతీయులు, సొమ్ము కట్టినది రూపాయలలో, కట్టించుకొన్నది బొంబాయి సంస్థ. ఐనను పంపకము తేలినది సింగపూరు ఉన్నత న్యాయస్థానమున! అచట నమోదైన మాతృసంస్థ అప్పులవారినుండి రక్షణ కోరగా, 2024 సెప్టెంబరులో ఆ కోర్టు నాలుగు మాసముల గడువిచ్చినది. మొదటి పంపకపు ఏర్పాటును 2025 జూనులో నిరాకరించి, సవరించినదానిని అక్టోబరులో ఆమోదించినది. ఆ నెల 24వ తేదీని వ్యాపారము మరల మొదలయ్యెను. ఇంచుమించు పదునైదు మాసములు మన ఖాతాదారుడు తన నాణెమును తాకనేరక, సముద్రమునకావల విధుల వార్తలకై యెదురుచూచుచు కూర్చుండెను. సంస్థకు నిజమైన యజమాని యెవరను సంగతియు తేలినది కాదు. 2019 నవంబరులో బైనాన్సు అను విదేశసంస్థ దీనిని కొన్నట్లు ప్రకటన వెలువడినది. 2022 ఆగస్టులో ఎన్‌ఫోర్సుమెంటు శాఖవారు 64.67 కోట్ల రూపాయలను స్తంభింపజేయగా, ఆ క్రయము ఎన్నడును పూర్తికాలేదని బైనాన్సు అధిపతి చేతులు దులుపుకొనెను. వజీరు కనబడుచున్నాడు గాని, సింహాసనముమీద నెవరున్నారో తెలియరాదు.

ఇట్టి సమయమున మదరాసు కోర్టు ఉత్తరువు వచ్చినది. ఒక ఖాతాదారుయొద్ద నున్నవి దొంగలు తాకని జాతి నాణెములు. ఐనను నష్టము నందరును పంచుకొనవలెనను ఏర్పాటుక్రింద వానికిని కోత పడనుండెను. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్‌గారు దీనికి సమ్మతింపలేదు. క్రిప్టో నాణెము ఆస్తియేననియు, అనుభవించుటకును, ఒకరికొరకు మరియొకరు ధర్మకర్తగా ధరించుటకును తగినదనియు తీర్మానించి, మధ్యవర్తిత్వము తేలువరకు ఆ సొమ్మునకు హామీ చూపవలెనని యుత్తరు విచ్చిరి. ధర్మకర్త యను మాటలో సర్వమును గలదు. దేవాలయపు నగలు దొంగిలింపబడినచో, భక్తుడు మ్రొక్కుకై యిచ్చి దాచమన్న కంకణమును కరగించి లోటు పూడ్చుదుమని యే ధర్మకర్తయు ననజాలడు.

కాని యీ యుత్తరువు ఒక్క వ్యాజ్యమునకు సంబంధించినది. కోటిమంది కోటి వ్యాజ్యములు వేయవలెనా?

మన కేంద్రప్రభుత్వమువారు ఈ విషయమున బొత్తిగా నిద్రించుచున్నారనుట న్యాయము గాదు. పన్ను వేయుటలో వారు మిక్కిలి మేలుకొనియే యున్నారు. 2022 ఏప్రిలు 1 మొదలు లాభముపై 30 శాతము. ఆ జూలై మొదలు ప్రతి అమ్మకముపై నూటి కొకటి ముందే కోత. ఒక నాణెముపై లక్ష లాభించి, మరియొకదానిపై లక్ష నష్టపోయినవాడు చేత చిల్లిగవ్వ మిగులకున్నను 30,000 రూపాయలు చెల్లించుకొనవలెను. 2023 మార్చిలో అక్రమధన నివారణచట్టమును ఈ సంస్థలకు వర్తింపజేసిరి. అదియు మంచిదే. ఖజానాకు రావలసినది వచ్చుటకును, దొంగసొమ్ము పోకుండుటకును చట్టములున్నవి. ఖాతాదారుని సొమ్మును సంస్థసొమ్ముతో కలుపక వేరుగా నుంచవలెననియు, పోయినచో నెవరు పూడ్చవలెననియు చెప్పు ప్రత్యేకశాసనము 2025 ముగియునాటికిని లేదు.

ఇది సాధ్యము గాని పని కాదు. టోకియోలో 2014లో మౌంట్ గాక్సు కూలినపిమ్మట జపానువారు చట్టము చేసి 2017 ఏప్రిలునుండి అమలుజరిపిరి. 2018 జనవరిలో కాయిన్‌చెక్ సంస్థలో దొంగలు పడగా, ఆ సంస్థ తన సొంతసొమ్మునుండి సుమారు 4,600 కోట్ల యెన్లు ఖాతాదారులకు చెల్లించినది. అంతటితో తృప్తినొందక, ఖాతాదారుల నాణెములలో నూటికి తొంబదియైదు పాళ్లు తంతికి దూరముగా నుంచవలెననియు, తక్కిన అయిదింటికి సరిపోవు సొంత నాణెములను సంస్థయే పూచీగా నుంచవలెననియు 2020లో విధించిరి. మనదేశముననే 2025 జూలైలో కాయిన్‌డీసీఎక్స్ అను సంస్థలో 4.4 కోట్ల డాలర్లు పోగా, అది తమ సంస్థ సొమ్మేయనియు, నష్టము తామే భరింతుమనియు వారు ప్రకటించిరి. సంతోషమే. అయితే ఒక సంస్థలో పూర్తిగా దక్కుటయు, మరియొకదానిలో కోతపడుటయు యజమానుల మనసును, పెట్టెలోని బలమును బట్టి జరిగినవేగాని, శాసనమునుబట్టి గాదు. బ్యాంకులో దాచుకొన్నవానికైనచో అయిదులక్షలవరకు భీమాయున్నది. అది 1960లో పాలై సెంట్రలు బ్యాంకు కూలినతరువాత గాని మనకు రాలేదు.

ఈ నాణెములు మంచివా చెడ్డవా యను వాదమును తేల్చినగాని చట్టము చేయరాదనువా రున్నారు. మేము వారితో నేకీభవింపము. పందెపు గుఱ్ఱముమీద సొమ్ము పెట్టినవాడు గుఱ్ఱ మోడినచో నోరు మూసికొనవలసినదే. టిక్కెట్టు దాచిన గుమాస్తా దానిని పోగొట్టినచో నోరు మూసికొననక్కరలేదు. ధర పడిపోయిన నష్టము కొన్నవానిది. తాళపుచెవి పోయిన నష్టము దానిని పట్టుకొన్నవానిది. ఈ రెంటిని వేరుచేయు శాసనము కావలెను. రూపాయలు తీసికొను ప్రతి సంస్థయు, దాని యజమాని యెచట నమోదైనను, ఈ దేశపు న్యాయస్థానములకే జవాబుదారి కావలెను.

2021 శీతకాలపు సమావేశముల కార్యక్రమపట్టికలో క్రిప్టో నాణెములను గూర్చిన బిల్లు పేరు అచ్చయినది. అది సభలో ప్రవేశపెట్టబడలేదు. మన తెలుగు సభ్యులలో నొక్కరైనను లేచి, అది యే బల్లసొరుగులో నున్నదో మంత్రిగారినడిగి తెలిసికొందురా?