మాత్రతో పాటు మాట

ప్రజ్ఞాపూర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా, పిల్లల తలనొప్పికి మందు రాయని డాక్టరుపై తల్లిదండ్రులకు అంత తేలిగ్గా నమ్మకం కుదరదు. 2017లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఈ ధోరణిని పునరాలోచించమంటోంది. 8 నుంచి 17 ఏళ్ల మైగ్రేన్ బాధితుల్లో తలనొప్పి రోజులు సగానికి తగ్గినవారు అమిట్రిప్టిలిన్‌తో 52 శాతం, టోపిరమేట్‌తో 55 శాతం. మందే లేని ఉత్తుత్తి మాత్రతో 61 శాతం. దుష్ప్రభావాలు అసలు మందులతోనే ఎక్కువ.

నొప్పి దానంతటదే తగ్గి ఉండవచ్చన్న అభ్యంతరం సమంజసమే. అయినా శ్రద్ధగా వినడం, మళ్లీమళ్లీ పరామర్శించడం, భరోసా ఇవ్వడం ఏ పాత్రా పోషించలేదనలేం. అలాగని ఉత్తుత్తి మాత్రలిచ్చి పిల్లలను మోసగించరాదు. న్యుమోనియా నమ్మకంతో తగ్గదు. అవసరమైనచోట మందు, అన్నిచోట్లా ఓపికైన మాట ఉండాలి. ఆ మాటకు సరిపడా సమయాన్ని సర్కారు దవాఖానాల్లోని డాక్టర్లకు ప్రభుత్వమే కల్పించాలి.