సూది పక్కన ఇంకో చెయ్యి

ఎముక మూలుగ పరీక్ష అనగానే మనకి గుర్తొచ్చేది పొడుగాటి సూది, దాన్ని గుచ్చే డాక్టరు. పక్కనే గాజు స్లైడ్లతో నిలబడ్డ ల్యాబ్ టెక్నీషియన్‌ని ఎవరం పట్టించుకోం. కానీ తుంటి ఎముక వెనక భాగంలోంచి మూలుగ లాగిన మరుక్షణం నుంచీ పని ఆమెదే. అది నిమిషాల్లో గడ్డకడుతుంది. ఈలోగానే స్లైడ్ల మీద పల్చగా పూయాలి. మూలుగ పలుకులు కనిపించక వట్టి రక్తమే వస్తే అక్కడికక్కడే డాక్టరుకి చెప్పాలి. ఏమీ రాకపోతే, తీసిన ఎముక ముక్కనే స్లైడుకి మెల్లిగా అద్దుతుంది. ఆ ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, అందులో సున్నం పోగొట్టాకే పల్చగా కోయగలరు. రిపోర్టు ఆలస్యమయ్యేది అందుకే. కౌంటరు దగ్గర కసురుకునేది మాత్రం మనమే!

మత్తు ఇంజక్షను చర్మాన్నీ ఎముక పైపొరనీ మొద్దుబారుస్తుంది గానీ, మూలుగ లాగేటప్పటి నొప్పిని పూర్తిగా ఆపలేదు. పూత చెడినా, చీటీలు తారుమారైనా ఆ నొప్పి మళ్ళీ పడాల్సి రావచ్చు. లుకేమియా పిల్లలకైతే అసలే ఈ పరీక్ష ఒక్కసారితో పోదు.

అందుకే నన్నడిగితే, టెక్నీషియన్ మంచం దగ్గర ఉండి తీరాలి. కింది అంతస్తులో సీసా కోసం ఎదురుచూస్తే చాలదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, స్లైడ్లు ఎక్కడ చేస్తారో ముందే మొహమాటం లేకుండా అడగండి. పేరూ నంబరూ మీ కళ్ళముందే రాయించండి.