డబ్బాలో పడ్డ ఉత్తరం

చోడవరం బెల్లం వ్యాపారి ఒకరు బరంపురం నుంచి ఉత్తరంలో వచ్చిన బేరానికి ‘సరే’ అని రాసి, చిరునామా సరిచూసుకుని పోస్టు డబ్బాలో వేశారనుకుందాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఆ ఉత్తరం చేజారిన క్షణమే బేరం పెట్టినాయన కట్టుబడిపోయినట్టు. వ్యాపారికి మాత్రం అది అవతల అందేదాకా మనసు మార్చుకునే వీలుంది. ఫోన్ చేసి వద్దంటే సరి. ఇదేం న్యాయం, తెలియని మాటకు కట్టుబడటమేమిటని అడగవచ్చు. కానీ టపాను ఎంచుకున్నది బేరం పెట్టినాయనే, అందులో జాప్యం ఆయన లెక్కలోదే. ఎదురెదురు మాటల్లాంటి ఫోన్ బేరానికి ఈ టపా నియమం వర్తించదని, అంగీకారం వినిపించిన చోటే ఒప్పందమని సుప్రీంకోర్టు 1965లో భగవాన్‌దాస్ కేసులో తేల్చింది. అందుకే టపాలో ధర పంపేవారు ‘జవాబు ఫలానా తేదీలోగా నా చేతికందాలి’ అని ముందే రాసుకోవాలి.